పీట్ నేలల్లోని మొక్కల అవశేషాలు గతకాలపు శీతోష్ణస్థితిని ఎంతవరకు చెప్పగలవు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా ఒకసారి చెప్పుకుంటాను. ఐరోపాలోని పీట్ నేలల్లో (సగం కుళ్ళిన మొక్కలు పేరుకుని ఏర్పడిన తడి నేలల్లో) దొరికే ఆకు ముక్కలను, గింజలను, నాచు తునకలను పరిశీలించి, మూడు నాలుగు వేల ఏళ్ళ క్రితం అక్కడ తడి కాలాలు ఎప్పుడు వచ్చాయో, పొడి కాలాలు ఎప్పుడు వచ్చాయో శాస్త్రజ్ఞులు చెబుతున్నారని మీరు చదివారు. ఒక మొక్క ఒకచోట మొలవడానికి నూరు కారణాలుంటాయి కదా, వాటిలోంచి శీతోష్ణస్థితి అనే ఒక్క కారణాన్ని ఎలా విడదీస్తారు, ఇది ఊహాగానం కాదా అన్నది మీ మొదటి సందేహం. మన ప్రాంతంలో, ముఖ్యంగా కొల్లేరులో, ఇలాంటి పని సాధ్యమేనా అన్నది రెండోది. ఇరవై ఏళ్ళుగా ఈ అవశేషాలనే సూక్ష్మదర్శిని కింద చూస్తూ వచ్చినవాణ్ణి కనుక నాకు తెలిసినంత వివరంగా రాస్తాను. మీ మొదటి సందేహం చాలా న్యాయమైనది. ఈ రంగంలోని వారే దాని మీద నూరేళ్ళకు పైగా వాదించుకున్నారు.

అసలు విషయాన్ని మొదటే చెప్పేస్తాను. పీట్‌లో దొరికే మొక్కల అవశేషాలు వాన గురించి నేరుగా ఏమీ చెప్పవు. ఆ మొక్క బతికి ఉన్న రోజుల్లో, ఆ నేల ఉపరితలానికి ఎంత లోతులో నీరు నిలిచి ఉండేదో మాత్రమే చెబుతాయి. నీటిమట్టం నుంచి వానకు, ఎండకు వెళ్ళడం రెండో మెట్టు. ఆ మెట్టు ఎక్కడానికి వేరే రుజువులు కావాలి, ఆ రుజువులను ప్రతి చోటా కొత్తగా సంపాదించుకోవాలి. చదివేవారికి ఈ రెండు మెట్లూ ఒకటిగా కనిపించడం వల్లనే ఇదంతా ఊహలా తోస్తుంది.

పీట్ అంటే పూర్తిగా కుళ్ళకుండా మిగిలిపోయిన మొక్కల పదార్థం. ఆవకాయ జాడీలో ముక్కల పైన నూనె తేలి ఉన్నంత కాలం బూజు పట్టదని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. గాలి తగలకపోవడం, పులుపు, ఉప్పు కలిసి ఆ ముక్కలను కాపాడతాయి. పీట్ నేలలో నూనె చేసే పనిని నీరు చేస్తుంది. నీటితో నిండిన నేలలోకి ఆక్సిజన్ చాలా నెమ్మదిగా చేరుతుంది, చేరిన కాస్తా పైపొరల్లోనే ఖర్చయిపోతుంది. స్ఫాగ్నమ్ అనే నాచు తన చుట్టూ ఉన్న నీటిని ఆమ్లంగా మారుస్తుంది. ఈ నాచు పెరిగే నేలల్లో పీహెచ్ 4 దగ్గర ఉండడం మామూలే. పైగా అక్కడ చల్లదనం ఉంటుంది. 1950లో డెన్మార్క్‌లో పీట్ తవ్వుతున్నవారికి ఒక మనిషి శవం దొరికినప్పుడు, ముఖం అంత చెక్కుచెదరకుండా ఉండడంతో ఈమధ్యే ఎవరో హత్య చేశారనుకుని పోలీసులకు కబురు పంపారు. తోలుండ్ మనిషి అని పేరుపడిన అతను చనిపోయింది క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దం ప్రాంతంలో. అతని కడుపులో బార్లీ, అవిసె గింజలు, కలుపు మొక్కల గింజలు కలిసిన జావ ఆనవాళ్ళు గుర్తుపట్టేంత స్పష్టంగా మిగిలాయి. మనిషి చర్మమే నిలిచిన చోట నాచు ఆకు నిలవడంలో వింత లేదు.

అయితే అంతా నిలుస్తుందని అనుకోకూడదు. పీట్ నేల పైభాగంలో, సాధారణంగా అర మీటరు లోపు మందంలో, నీటిమట్టం రుతువును బట్టి పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. కుళ్ళు జరిగేది ప్రధానంగా ఈ పొరలోనే. ఏటా పెరిగిన పదార్థంలో పెద్ద భాగం ఇక్కడే హరించుకుపోగా, మిగిలిన కొద్ది భాగమే ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే కింది పొరలోకి చేరుతుంది. వేసవిలో నీటిమట్టం బాగా దిగిన ఏళ్ళలో మొక్కలు ఈ పైపొరలో ఎక్కువ కాలం గాలికి తగులుతాయి కనుక ఎక్కువగా కుళ్ళుతాయి, నీరు పైదాకా నిలిచిన ఏళ్ళలో తక్కువగా కుళ్ళుతాయి. అందువల్ల తడి కాలపు పీట్ లేత రంగులో, ఆకులు విడివిడిగా కనిపిస్తూ ఉంటుంది. పొడి కాలపు పీట్ నల్లగా, చేత్తో నలిపితే జిగురులా ఉంటుంది. ఉత్తర జర్మనీలో పీట్ తవ్వేవారు వీటిని తెల్ల పీట్ అని, నల్ల పీట్ అని చాలా కాలంగా వేరుచేసి పిలుచుకునేవారు. శాస్త్రం ఈ తేడాను వారి దగ్గరే నేర్చుకుందని నేను నమ్ముతాను.

ఇక ఏ పీట్ నేలనైనా తీసుకోవచ్చా అంటే, కూడదు. లోయల్లో, చెరువు అంచుల్లో ఏర్పడే పీట్‌కు వాగుల నుంచి, భూగర్భం నుంచి కూడా నీరు వస్తుంది. పైన ఎవరైనా అడవి కొట్టినా, కాలువ తవ్వినా అక్కడి నీటిమట్టం మారిపోతుంది. అలాంటి చోట తడికి వాన ఒక్కటే కారణం కాదు. బ్రిటన్, ఐర్లండ్, నెదర్లాండ్స్, స్వీడన్ వంటి దేశాల్లో మరో రకం పీట్ నేలలున్నాయి. అక్కడ పీట్ వేల ఏళ్ళుగా పేరుకుని, చుట్టుపక్కల నేల కంటే కొన్ని మీటర్ల ఎత్తుకు, బోర్లించిన పళ్ళెంలా ఉబ్బి ఉంటుంది. దాని నడిమధ్యకు ఏ వాగూ ఎక్కి రాలేదు, భూగర్భజలమూ అందదు. అక్కడి మొక్కలకు దక్కేది ఆకాశం నుంచి పడిన నీరే, పోయేది ప్రధానంగా ఎండకు ఆవిరయ్యే నీరే. ఇంత సూటిగా వానకూ ఎండకూ లోబడి బతికే నేల ప్రకృతిలో మరొకటి అరుదు. మీ ప్రశ్నలోని నూరు కారణాల్లో చాలావాటిని ఈ స్థల ఎంపికే తొలగించివేస్తుంది. నేను ఇతరుల పరిశోధన పత్రం చదివేటప్పుడు మొదట చూసేది ఫలితాలను కాదు, కోర్‌ను, అంటే నేలలోంచి గొట్టంతో నిలువునా తీసిన పీట్ కడ్డీని, ఎక్కడ తీశారన్నదాన్ని.

నీటిమట్టాన్ని మొక్క ఎలా చెబుతుందో మన ఊళ్ళలోని రైతుకు వివరించనక్కరలేదు. పొలంలో తుంగ విపరీతంగా మొలిస్తే అక్కడ తేమ నిలుస్తోందని ఆయన చూడగానే చెబుతాడు. జమ్ము ఉంటే నీరు నిలిచే చోటు అంటాడు. తంగేడు కనిపిస్తే అది మెరక నేల అంటాడు. పీట్ నేల మీద ఇదే అమరిక గజాల తేడాలో కాక జానెడు, మూరెడు ఎత్తు తేడాల్లో కనిపిస్తుంది. చిన్న నీటి గుంటల్లో స్ఫాగ్నమ్ కస్పిడేటమ్ అనే జాతి తేలుతూ పెరుగుతుంది. దానికి కాస్త పైన, అడుగు వేస్తే నీరు ఊరే చోట, స్ఫాగ్నమ్ పాపిల్లోసమ్, స్ఫాగ్నమ్ మాగెల్లానికమ్ పరచుకుంటాయి. మరికాస్త ఎత్తైన దిబ్బల మీద స్ఫాగ్నమ్ ఫస్కమ్, స్ఫాగ్నమ్ కాపిల్లిఫోలియమ్ ఉంటాయి. దిబ్బల నెత్తిన, నీటికి బాగా దూరంగా, హెదర్ అనే చిన్న పొద వేళ్ళూనుకుంటుంది. పత్తి గడ్డి అని పిలిచే ఎరియోఫోరమ్ వజైనేటమ్ నీటిమట్టం పైకీ కిందికీ ఎక్కువగా ఊగే చోటును తట్టుకుంటుంది, దాని గట్టి నారలు పీట్‌లో ఎప్పటికీ మిగులుతాయి. ఒకే చోట నిలువునా కోసిన పీట్‌లో కింద హెదర్ కొమ్మలు, వాటి పైన ఒక్కసారిగా కస్పిడేటమ్ ఆకులు కనిపిస్తే, ఆ దిబ్బ నెత్తి కొద్ది కాలంలోనే నీటి గుంటగా మారిందని అర్థం.

ఈ జాతులను రెండు మిల్లీమీటర్ల ఆకుతో గుర్తుపట్టడం ఎలా అని మీకు అనుమానం రావచ్చు. స్ఫాగ్నమ్ ఆకు ఒకే ఒక కణం మందంలో ఉంటుంది. అందులో రెండు రకాల కణాలున్నాయి. సన్నగా, పచ్చగా ఉండి ఆహారం తయారుచేసే కణాలు ఒక రకం. వాటి మధ్య పెద్దవిగా, చచ్చి ఖాళీ అయిపోయి, నీటిని నింపుకునే కణాలు రెండో రకం. ఈ ఖాళీ కణాల వల్లనే స్ఫాగ్నమ్ తన ఎండు బరువుకు ఇరవై రెట్ల దాకా నీటిని పట్టి ఉంచగలదు. ఈ కణాల గోడల మీది రంధ్రాలు, చుట్టలు తిరిగిన పట్టీలు, పచ్చని కణం ఆకు ఏ ముఖం వైపు తెరుచుకుని ఉందన్నది, ఇవన్నీ జాతుల గుంపును బట్టి మారతాయి. కొన్ని జాతుల ఆకు కొన పడవ ముక్కులా ముడుచుకుని ఉంటుంది. స్ఫాగ్నమ్ ఇంబ్రికేటమ్ కణాల గోడల మీద దువ్వెన పళ్ళలాంటి గీతలు ఉంటాయి; నాలుగు వందల రెట్లు పెంచి చూసినప్పుడు అవి కనిపించాయంటే ఇక సందేహించాల్సిన పని లేదు. ఇక్కడే పుప్పొడి కంటే ఈ అవశేషాలకు ఒక మేలు ఉంది. పుప్పొడి గాలిలో ఎన్నో మైళ్ళు ఎగిరి వచ్చి పడుతుంది, చాలాసార్లు ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వరకే గుర్తుపట్టగలం. ఆకు మాత్రం తాను పెరిగిన చోటే రాలుతుంది, చాలా సందర్భాల్లో జాతి పేరుతో సహా చెప్పగలం.

ప్రయోగశాలలో పని చూడడానికి చాలా సాదాగా ఉంటుంది. అర్ధచంద్రాకారపు గొట్టం ఉన్న చేతి పరికరంతో అర మీటరు పొడవు ముక్కలుగా కోర్‌ను బయటకు తీస్తాం. దాన్ని ఒకటి నుంచి కొన్ని సెంటీమీటర్ల ఎడంతో కోసి, ఒక్కో చోట నుంచి సుమారు నాలుగు ఘన సెంటీమీటర్ల పీట్ తీసుకుని, 125 మైక్రాన్ల జల్లెడ మీద నీటి ధార కింద కడుగుతాం. జల్లెడ మీద మిగిలినదాన్ని నీళ్ళ పళ్ళెంలో పరిచి, కంటి కటకంలో పది గళ్ళు అడ్డంగా, పది గళ్ళు నిలువుగా గీసిన చట్రంతో చూస్తాం. ఒక్కో దృశ్యంలో స్ఫాగ్నమ్ ఎన్ని గళ్ళు ఆక్రమించింది, హెదర్ ఎన్ని, పత్తి గడ్డి ఎన్ని, గుర్తుపట్టలేని కుళ్ళు పదార్థం ఎన్ని అని రాసుకుంటాం. ఇలా పదిహేను చోట్ల చూసి సగటు తీస్తాం. తర్వాత వందకు పైగా స్ఫాగ్నమ్ ఆకులను ఏరి, స్లైడుపై పెట్టి, జాతుల వారీగా లెక్కిస్తాం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. పీట్ విషయంలో ఆ సామెత పనికిరాదు. ఒక్క నమూనాకు నాకు సగం రోజు పడుతుంది, ఒక కోర్‌లో వంద నమూనాలు ఉండవచ్చు. ఈ అంకెలన్నింటికీ, ఒక్కో జాతికి తడిని బట్టి ఒక తూకం ఇచ్చి, నమూనా మొత్తానికి ఒకే తడి సూచికను కడతాం. లేదా గణాంక పద్ధతులతో నమూనాలను తడి నుంచి పొడి వరకు వరుసలో పేరుస్తాం.

ఇప్పుడు మీ అసలు సందేహానికి వస్తాను, ఎందుకంటే ఇక్కడ చరిత్ర తెలియకుండా జవాబు అర్థం కాదు. 1876లో నార్వే వృక్షశాస్త్రజ్ఞుడు ఆక్సెల్ బ్లిట్, పీట్ నేలల్లో చెట్ల మొదళ్ళున్న పొరలూ నాచు పొరలూ మార్చి మార్చి రావడం చూసి, చెట్లు మొలిచినవి పొడి కాలాలని, నాచు కప్పేసినవి తడి కాలాలని వాదించాడు. స్వీడన్‌కు చెందిన రూట్గర్ సెర్నాండర్ దాన్ని విస్తరించాడు. బోరియల్, అట్లాంటిక్, సబ్‌బోరియల్, సబ్‌అట్లాంటిక్ అన్న కాలాల పేర్లు అలా స్థిరపడ్డాయి. ఉత్తర జర్మనీలో వెబర్ 1900 ప్రాంతంలో, నల్ల పీట్ ఆగిపోయి తెల్ల పీట్ మొదలయ్యే గీతను అనేక చోట్ల చూసి, దానికి సరిహద్దు పొర అని పేరు పెట్టాడు. 1932లో గ్రాన్‌లుండ్ స్వీడన్ పీట్ నేలల్లో అలాంటి గీతలు ఐదు ఉన్నాయన్నాడు. వీరందరి దృష్టిలో ఆ మార్పులకు కారణం శీతోష్ణస్థితే.

దీనికి ఎదురు వాదం 1920లలో స్వీడన్ నుంచే వచ్చింది. హూగో ఓస్వాల్డ్ చెప్పినదాని ప్రకారం పీట్ నేల మీది దిబ్బలూ గుంటలూ తమంతట తామే స్థానాలు మార్చుకుంటాయి. గుంటలో నాచు వేగంగా పెరిగి దిబ్బ అవుతుంది. దిబ్బ ఎత్తు పెరిగి, ఎండి, పెరుగుదల ఆగిపోతుంది. ఈలోగా పక్క నేల దాన్ని దాటి పెరగడంతో అది మళ్ళీ గుంటగా మారుతుంది. అదే నిజమైతే కోర్‌లో హెదర్ మీద కస్పిడేటమ్ కనిపించడానికి వానతో పని లేదు. అది ఆ నేల సొంత చక్రం మాత్రమే. మీరు అడిగిన సందేహం సరిగ్గా ఇదే. ఈ వాదం దాదాపు అర్ధ శతాబ్దం పాటు పాఠ్యపుస్తకాల్లో నిలిచింది, దాంతో పీట్ నుంచి శీతోష్ణస్థితిని చదవడం మీద చాలామందికి నమ్మకం సడలింది.

ఆ చిక్కుముడిని విప్పిన పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది కీత్ బార్బర్ 1981లో ప్రచురించిన అధ్యయనం. ఇంగ్లండ్‌లోని కంబ్రియాలో బోల్టన్ ఫెల్ మాస్ అనే పీట్ నేలను అప్పట్లో తోటల ఎరువు కోసం వ్యాపారానికి తవ్వుతున్నారు. తవ్వకం వల్ల పీట్ గోడలు పొడవునా బయటపడ్డాయి. ఒక కోర్ తీస్తే ఆ ఒక్క బిందువులో ఏం జరిగిందో తెలుస్తుంది. గోడ ఉంటే దిబ్బలూ గుంటలూ పక్కపక్కన ఎలా కదిలాయో కళ్ళారా చూడవచ్చు. బార్బర్ ఆ గోడల మీది పొరలను గీసి, నమూనాలు తీసి, చక్రం సిద్ధాంతం నిజమైతే ఏం కనిపించాలో ముందే నిర్ణయించుకుని, అది కనిపిస్తుందా అని వెతికాడు. కనిపించలేదు. దిబ్బలు స్థానాలు మార్చుకోకుండా చాలా కాలం అక్కడే నిలిచాయి; తడి వచ్చినప్పుడు గుంటలు విశాలమై దిబ్బల అంచులను ఆక్రమించాయి, పొడి వచ్చినప్పుడు దిబ్బలు వ్యాపించాయి, ఈ మార్పులు గోడ పొడవునా ఒకేసారి జరిగాయి. గత వెయ్యేళ్ళ భాగాన్ని చారిత్రక పత్రాల నుంచి కూర్చిన ఇంగ్లండ్ శీతోష్ణస్థితి వివరాలతో పోల్చినప్పుడు రెండూ చాలావరకు సరిపోయాయి. తనకు అనుకూలమైన రుజువులను పోగుచేయడం కంటే ఎదుటి సిద్ధాంతాన్ని పరీక్షకు పెట్టడం ఎంత బలమైన పద్ధతో నేను ఈ అధ్యయనంలోనే నేర్చుకున్నాను. ఆ నేలలో తవ్వకం ఇప్పుడు ఆగిపోయింది. దాన్ని మళ్ళీ నీటితో తడిపి నాచు పెంచే పని జరిగింది.

అయినా ఒక నేల ఒక నేలే. దాని సొంత కథను శీతోష్ణస్థితి కథ అని పొరబడకుండా ఉండడానికి ఇంకొక పరీక్ష ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని, వందల కిలోమీటర్ల దూరంలోని పీట్ నేలల్లో ఒకే కాలంలో ఒకే దిశగా మార్పు వస్తే, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఆకాశం ఒక్కటే. ఇప్పటికి సుమారు 2,800 ఏళ్ళ క్రితం, అంటే క్రీస్తుకు పూర్వం 850 ప్రాంతంలో, వాయవ్య ఐరోపాలోని అనేక పీట్ నేలల్లో పొడిని తట్టుకునే జాతులు తగ్గి తడి జాతులు పైకి వచ్చాయి. నెదర్లాండ్స్‌లో ఈ మార్పును బాస్ వాన్ గీల్ బృందం చాలా సన్నని ఎడంతో అధ్యయనం చేసింది. అదే కాలంలో అక్కడి పల్లపు ప్రాంతాల్లో వ్యవసాయ ఆవాసాలను నీరు పైకి రావడంతో వదిలివేశారని, వాతావరణంలో రేడియో కార్బన్ (కాలంతో పాటు క్షీణించే ఒక రకం కార్బన్) పాలు పెరిగిందని, సూర్యుడి చురుకుదనం తగ్గడం దీనికి మూలం కావచ్చని వారు వాదించారు. తడి మార్పు జరిగిందన్నంత వరకు ఆధారాలు గట్టివి. సూర్యుడితో ముడిపెట్టడం ఆలోచింపజేసే వాదమే గాని, తడి మార్పుకు ఉన్నంత బలం దానికి లేదని నా అభిప్రాయం.

ఒకే కాలం అనే మాట అనాలంటే తేదీలు సరిగ్గా ఉండాలి. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పీట్ వయసును ప్రధానంగా రేడియో కార్బన్‌తో కడతాం. దాని సగం జీవితకాలం, అంటే అది సగానికి తగ్గిపోవడానికి పట్టే కాలం, 5,730 ఏళ్ళు. పీట్ స్థూలంగా ఏడాదికి ఒక మిల్లీమీటరు లేదా అంతకంటే తక్కువ పెరుగుతుంది కనుక, ఒక సెంటీమీటరు నమూనాలో పదేళ్ళు లేదా అంతకు మించి ఇమిడి ఉంటాయి. చిక్కేమిటంటే క్రీస్తుకు పూర్వం 800 నుంచి 400 వరకు రేడియో కార్బన్ వయసును అసలు సంవత్సరాలకు మార్చే వక్రరేఖ దాదాపు చదునుగా ఉంటుంది. ఆ నాలుగు వందల ఏళ్ళలో ఎప్పుడు చనిపోయిన మొక్కయినా ఇంచుమించు ఒకే వయసు చూపిస్తుంది. దీన్ని దాటడానికి ఒకే కోర్ నుంచి దగ్గర దగ్గరగా చాలా నమూనాలకు తేదీలు తీసి, ఆ వరుస మొత్తాన్ని వక్రరేఖ ఎగుడుదిగుళ్ళతో సరిపోలుస్తారు. ఐస్‌లండ్ అగ్నిపర్వతాల బూడిద ఇంకా మంచి సాయం చేస్తుంది. 4,000 ఏళ్ళకు పైబడిన క్రితం హెక్లా నుంచి ఎగిసిన బూడిద స్కాట్లండ్, ఐర్లండ్ పీట్‌లలో కంటికి కనిపించనంత సన్నని గాజు పలుకులుగా దొరుకుతుంది. అది ఉన్న పొర ఎక్కడైనా ఒకే నాటిది.

నా స్వంత తప్పు ఒకటి చెప్పడం ఇక్కడ ఉపయోగపడుతుంది. పని మొదలుపెట్టిన కొత్తలో, కోర్ నుంచి తీసిన పీట్‌ను కడగకుండా ముద్దగానే వయసు కట్టడానికి పంపించాను. మీటరున్నర లోతు నమూనా, దానికి పైన ఇరవై సెంటీమీటర్ల నమూనా కంటే కొన్ని వందల ఏళ్ళు చిన్నదిగా తేలింది. మళ్ళీ చూస్తే ఆ ముద్దలో పత్తి గడ్డి వేళ్ళు నిండుగా ఉన్నాయి. ఎప్పుడో తర్వాత పైన మొలిచిన మొక్క తన వేళ్ళను పాత పీట్‌లోకి దించింది, నేను ఆ వేళ్ళ వయసు కట్టాను. అప్పటి నుంచి స్ఫాగ్నమ్ కాండాలను, ఆకులను మాత్రమే ఒక్కొక్కటిగా చిమటాతో ఏరి, శుభ్రంగా కడిగి పంపుతాను. ఆ నాచుకు వేళ్ళే ఉండవు కనుక అది ఉన్న పొరకు చెందినదే అవుతుంది. వారం పని పెరుగుతుంది, కానీ ఆ వారం ఆదా చేసుకుంటే మిగతా ఏడాది పని మీద నమ్మకం పోతుంది.

మొక్కను చదవడంలోనూ జాగ్రత్త అవసరమే. ఇంబ్రికేటమ్ విషయం చూడండి. బ్రిటన్ పీట్ నేలల్లో వేల ఏళ్ళ పాటు ప్రధాన జాతిగా మందపు పొరలు కట్టిన ఈ నాచు, మధ్యయుగాల తర్వాత చాలా చోట్ల దాదాపు మాయమైంది, దాని స్థానంలోకి మాగెల్లానికమ్ వచ్చింది. ఈనాడు ఇంబ్రికేటమ్ మిగిలిన కొద్ది చోట్ల ఎత్తైన దిబ్బల మీదే కనిపిస్తుంది. దాన్ని చూసి, పాత పీట్‌లో ఇంబ్రికేటమ్ ఉంటే అది పొడి కాలమని రాసేస్తే తప్పవుతుంది, ఎందుకంటే అదే పొరల్లో దానితో పాటు తడి జాతులు కూడా దొరుకుతున్నాయి. గతంలో అది ఇప్పటి కంటే తడి చోట్లలో కూడా విస్తారంగా పెరిగింది. ఈనాటి అలవాటును గతానికి అంటగట్టడం ఈ రంగంలో ఎప్పుడూ ఉండే ప్రమాదం. అలాగే అన్ని మొక్కలూ ఒకే తీరున కుళ్ళవు. పత్తి గడ్డి నార మిగిలినంతగా లేత ఆకుల మొక్కలు మిగలవు కనుక, మనం లెక్కించేది బతికిన సమాజాన్ని కాదు, కుళ్ళు వడపోసిన తర్వాత మిగిలినదాన్ని.

అందువల్ల మొక్కలను ఒంటరి సాక్షిగా నిలబెట్టము. అదే కోర్ నుంచి పీట్ ఎంత కుళ్ళిందో క్షార ద్రావణం రంగుతో కొలుస్తాం. నాచు ఆకుల మీది నీటి పొరలో బతికే టెస్టేట్ అమీబాల (గుల్ల కట్టుకునే ఏకకణ జీవుల) గుల్లలను లెక్కిస్తాం; వీటి జాతులు నీటిమట్టానికి ఎంతగా లోబడి ఉంటాయంటే, ఈనాటి నేలల్లో కొలిచిన సంబంధంతో పాత నీటిమట్టాన్ని సెంటీమీటర్లలో అంచనా వేయవచ్చు. మూడూ ఒకే మాట చెబితే ధైర్యంగా రాస్తాం, చెప్పకపోతే ఎందుకు చెప్పలేదో వెతుకుతాం. ఇంత చేసినా చివరకు వచ్చేది ఏడాది మొత్తం వానపాతం అంకె కాదు. శీతాకాలంలో పీట్ నేల ఎలాగూ నిండే ఉంటుంది, మిగులు నీరు పారిపోతుంది. తేడా వచ్చేది వేసవిలో, పడిన వానకూ ఆవిరైన నీటికీ మధ్య లోటు ఎంత అన్నదాని దగ్గర. కనుక మనకు తెలిసేది వేసవి లోటు పెరిగిందా తగ్గిందా అన్నది. వాన తగ్గడం వల్ల పెరిగిందా, ఎండ పెరగడం వల్ల పెరిగిందా అన్నది మొక్కలు ఒక్కటే తేల్చలేవు. అట్లాంటిక్ సముద్రానికి దగ్గరి దేశాల్లో వాన పాత్రే ఎక్కువని చాలామంది భావిస్తారు, నేనూ ఆ వైపే మొగ్గుతాను.

ఇక మన దేశం సంగతి. దక్షిణ భారతంలో ఈ పనికి తగిన పీట్ నీలగిరుల్లో, రెండు వేల మీటర్ల ఎత్తుకు పైన, గడ్డి కొండల నడుమ లోయల్లో ఉంది. 1993లో రామన్ సుకుమార్, ఆర్. రమేష్, ఆర్.కె. పంత్, జి. రాజగోపాలన్ ఆ పీట్ మీద ప్రచురించిన పని ఈ విషయంలో ఆసక్తి ఉన్న ఎవరికైనా తెలిసి ఉండాలి. అక్కడ స్ఫాగ్నమ్ ఆకులు లెక్కించే పద్ధతి పనికిరాదు. పీట్ ప్రధానంగా గడ్డి, తుంగ జాతులతో ఏర్పడింది, బాగా కుళ్ళి ఉంది. అందుకని వారు కార్బన్ ఐసోటోపులను, అంటే బరువులో కాస్త తేడా ఉన్న కార్బన్ రకాలను, వాడారు. చెట్లు, పొదలు, తడి చోట్ల మొక్కలు చాలావరకు సి3 పద్ధతిలో ఆహారం తయారుచేసుకుంటాయి, వాటి కార్బన్-13 (బరువైన కార్బన్) విలువ, ఒక ప్రామాణికంతో పోల్చితే, వెయ్యికి మైనస్ 27 దగ్గర ఉంటుంది. పొడిని, వేడిని తట్టుకునే చాలా గడ్డి జాతులది సి4 పద్ధతి, వాటి విలువ మైనస్ 12 దగ్గర ఉంటుంది. ఆకు ఆకారం పూర్తిగా పోయినా ఈ ముద్ర పీట్‌లో నిలుస్తుంది. గత మంచుయుగం తీవ్రంగా ఉన్న సుమారు 20,000 ఏళ్ళ క్రితం అక్కడ సి4 గడ్డి ఎక్కువగా ఉందని, అంటే రుతుపవనాలు బలహీనంగా ఉన్నాయని, మంచుయుగం ముగిసే దశలో తేమ పెరిగి సి3 మొక్కలు విస్తరించాయని, ఆ తర్వాత కొన్ని వేల ఏళ్ళకు మళ్ళీ పొడి దశ వచ్చిందని వారు చూపారు. తర్వాతి పని ఆ చరిత్రను 40,000 ఏళ్ళ వరకు వెనక్కి తీసుకెళ్ళింది.

ఇక్కడ కూడా మీ సందేహాన్ని వదలకండి. మంచుయుగంలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షలకు 180, 190 పాళ్ళ స్థాయికి పడిపోయింది; పారిశ్రామిక యుగానికి ముందు అది 280. కార్బన్ డయాక్సైడ్ తగ్గడం దానంతట అదే సి4 మొక్కలకు మేలు చేస్తుంది. కనుక ఆ కాలపు గడ్డిలో ఎంత భాగం వాన లేకపోవడం వల్ల వచ్చింది, ఎంత భాగం గాలి మార్పు వల్ల వచ్చింది అన్నది విడదీయాలి. గత ఐదారు వేల ఏళ్ళలో కార్బన్ డయాక్సైడ్ పెద్దగా మారలేదు కనుక, ఆ భాగంలోని పొడి దశను తేమకు ఆపాదించడంలో నాకు అంత ఇబ్బంది కనిపించదు. ఇవి లోయ పీట్‌లు, చుట్టూ కొండల నీరు చేరే చోట్లు అన్న సంగతి కూడా మరవకూడదు.

కొల్లేరు విషయానికి వస్తే, అక్కడ ప్రధానంగా ఉన్నది పీట్ కాదు, బంకమట్టి. వేడి వల్ల పీట్ ఏర్పడదని అనుకోవడం సరికాదు, ఇండోనేసియా అడవుల్లో మీటర్ల కొద్దీ లోతు పీట్ ఉంది. ఏడాది పొడవునా వాన పడే చోటు అది. కొల్లేరులో వేసవికి నీరు తగ్గి అంచులు ఎండి బీటలు తీస్తాయి, ఆ కొద్ది నెలల్లోనే గాలి తగిలి మొక్కల పదార్థం కుళ్ళిపోతుంది. పైగా బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులు ఏటా మట్టిని తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు దాన్ని సముద్రంతో కలుపుతుంది. అందువల్ల అక్కడి మట్టిలోని పుప్పొడి, డయాటమ్ (నీటిలో బతికే ఏకకణ శైవలాల) గుల్లలు వాన గురించి చెప్పేదానిలో డెల్టా కదలిక, సముద్రమట్టం, వాగుల వరద అన్నీ కలగలిసి ఉంటాయి. వాటిని చదవవచ్చు, చదవాలి కూడా. కాని ప్రశ్న మార్చుకోవాలి. వేసవి లోటు ఎంత అని కాక, ఇక్కడ ఉప్పునీరు ఎప్పుడు వెనక్కి తగ్గి మంచినీరు ఎప్పుడు నిలిచింది అని అడిగితే కొల్లేరు మట్టి సూటిగా జవాబిచ్చే అవకాశముంది. కోర్ తీయదలిస్తే చేపల చెరువులు తవ్విన చోట్లను వదిలేయండి. అక్కడ పై మీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, యంత్రాలతో తిరగబడి గట్ల మీదికి చేరిపోయింది. పాత మట్టి పైన, కొత్త మట్టి కింద ఉండే అవకాశం ఉంది. తవ్వకం చేరని నడి భాగంలో, రెండు వేర్వేరు చోట్ల, రెండు కోర్లు తీయండి.